నాన్న దాచుకున్న చదువు

ఈసారి ఉత్తరం రాసినావిడకు నలభై మూడేళ్ళు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం చాలా పొడుగ్గా ఉంది కాబట్టి నా మాటల్లో క్లుప్తంగా చెబుతాను. కొన్ని వాక్యాలు మాత్రం ఆమెవి ఆమెవిగానే ఉంచుతున్నాను.

చిన్నప్పుడు వాళ్ళింట్లో నవలలు నిషేధం. జీవిత చరిత్రలు, చరిత్ర, సైన్సు చదివితే నాన్న మెచ్చుకునేవారు. నవల కంటపడితే తీసి బీరువా మీద పెట్టేసేవారు. "కథలు చదివి బాగుపడ్డవాళ్ళు లేరు" అనేది ఆయన మాట. పదిహేనేళ్ళ వయసులో స్నేహితురాలి దగ్గర తెచ్చుకున్న నవల సగంలో ఉండగా ఆయన లాక్కున్నారు, తిరిగిచ్చేసి రమ్మన్నారు. ఆ కథ ఎలా ముగిసిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. పుస్తకం పేరు కూడా గుర్తులేదు. ఉద్యోగం వచ్చాక మాత్రం కరువుతీరా చదివారు. నవలలు, కథలు, డిటెక్టివ్ పుస్తకాలు, ఆత్మకథలు, యాత్రా కథనాలు, నక్షత్రాల గురించి, జంతువుల గురించి రాసినవి, ఎవరెవరో ఎవరెవరికో రాసుకున్న ఉత్తరాలు, ఏది దొరికితే అది.

రెండేళ్ళ క్రితం నాన్న పోయారు. బీరువా సర్దుతుంటే ఒక లావుపాటి నోట్‌బుక్ దొరికింది. 22 ఏళ్ళలో ఆయన చదివిన 611 పుస్తకాల పట్టిక అది. వరస సంఖ్య, తేదీ, పేరు, పక్కన రెండు మూడు మాటలు. చివరి పద్దు ఆయన పోవడానికి నెల ముందుది. "దాదాపు సగం నవలలే. వాటిలోనూ డిటెక్టివ్ నవలలు, ప్రేమకథలు ఎక్కువ. ఆ పేజీలు చూస్తూ నేలమీద కూర్చుండిపోయాను" అని రాశారు.

పద్నాలుగు నెలలుగా ఆమె ఆ పట్టికను ఒకటో నంబరు నుంచి వరసగా చదువుతున్నారు. 74 అయ్యాయి. 75వది నీతిశాస్త్రం మీద పెద్ద గ్రంథం, దాని దగ్గర మూడు నెలలుగా బండి ఆగిపోయింది. దాని పక్కన నాన్న "సగం" అని రాసుకున్నారట. "ఆయన ఆగిన చోట నేను ఆగకూడదని పంతం పట్టాను. కానీ పేజీ తిప్పాలంటేనే టెన్షన్ వస్తోంది. ఇన్ని చదివినా ఆయన నాకు ఎక్కడా దొరకలేదు" అంటున్నారు. తనకోసం తాను చదవడం పూర్తిగా ఆగిపోయింది. భర్త "నువ్వు చదవట్లేదు, డ్యూటీ చేస్తున్నావు" అన్నారు. నెలకోసారి కలిసే పుస్తకాల బృందంలో దగ్గరి స్నేహితురాలు "నీ చదువంతా కలగూరగంప, దేంట్లోనూ లోతు లేదు" అంది. ఆ మాట బాగా గుచ్చుకుంది. పైగా నెల క్రితం చదివిన నవలలో ఏం జరిగిందో అడిగితే చెప్పలేకపోతున్నారు. నాన్న మాటే నిజమేమో, ఇన్ని చదివి తను ఏం బాగుపడింది అని దిగులు. ఆ నోట్‌బుక్ సంగతి తమ్ముడికి చెబితే "పాత కాగితాల్లో ఏం వెతుకుతావక్కా" అన్నాడు. అమ్మకు ఇంకా చూపించలేదు. "అమ్మ పుస్తకం పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె దగ్గర కూడా దాచారని తెలిస్తే బాధపడుతుంది."

పట్టిక పూర్తి చేయాలా, వదిలేయాలా? తను సరిగ్గా చదువుతోందా? ఇవీ ప్రశ్నలు. ఉత్తరం చివర, నాన్నకు కంటి ఆపరేషన్ అయిన ఏడాది తాలూకు ఒక పేజీలోంచి పదకొండు పద్దులు కూడా రాసి పంపారు, "ఆ ఏడాది కూడా ఆయన చదవడం మానలేదు" అంటూ.

*

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి దుఃఖం కనిపించింది. రెండోసారి కోపం కనిపించింది. కోపం అనే మాట మీరు ఎక్కడా రాయలేదు, కానీ ఆ సగంలో పోయిన నవల గురించి రాసిన చోట మీ వాక్యాలు పొట్టిగా అయిపోయాయి. ముందు దాని గురించి మాట్లాడదాం, ఎందుకంటే ఆ కోపాన్ని పక్కన పెట్టి పట్టిక గురించి ఏం చెప్పినా ఉపయోగం ఉండదు.

మీ చేతిలోంచి కథ లాక్కున్న మనిషి, ఆ పద్దుల్లో ఒకదాని పక్కన "రాత్రి రెండింటి దాకా" అని రాసుకున్నారు. దొంగనోట్ల ముఠా మీద డిటెక్టివ్ నవల అది. ఆ మూడు మాటలు చదివితే నాకే గొంతు పట్టేసింది. మీకు ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను. ఆ రోజు మీకు అన్యాయం జరిగింది. నాన్న పోయారు కదా, మంచివారు కదా అని ఆ మాటను మింగేయకండి. ఆయనను ప్రేమిస్తూనే ఆ పని తప్పని అనుకోవచ్చు.

అయితే ఒక లెక్క చూడమంటాను. మీకిప్పుడు నలభై మూడు. నాన్న పోయి రెండేళ్ళు. పట్టిక 22 ఏళ్ళది, చివరి పద్దు ఆయన పోవడానికి నెల ముందుది. అంటే అది మొదలైనప్పుడు మీకు పంతొమ్మిదేళ్ళు ఉండాలి. మీ నవల లాక్కున్నది మీ పదిహేనో ఏట. మధ్యలో నాలుగేళ్ళు ఉన్నాయి.

"నాకు వద్దని, తను చదువుకున్నారు" అని మీరు రాశారు. అలా జరిగి ఉండొచ్చు. పట్టిక రాయడానికి ముందు కూడా ఆయన రహస్యంగా చదివి ఉండొచ్చు. కానీ ఇంకోలా కూడా జరిగి ఉండొచ్చు. మిమ్మల్ని ఆపిన మనిషికి అప్పటికి నవలంటే నిజంగానే పడకపోవచ్చు. తర్వాత ఎప్పుడో, ఎందుకో, ఒకటి చేతిలోకి వచ్చి ఉంటుంది. తన మాట తప్పని అప్పుడు తెలిసి ఉంటుంది. ఎదిగిన కూతురి దగ్గరికి వచ్చి "ఆ రోజు నేను చేసింది పొరపాటమ్మా" అనడానికి నోరు రాలేదేమో. ఈ రెండో ఊహ మొదటిదానికన్నా ఓదార్పుగా ఉందని నేను అనను, నాకైతే ఇదే ఎక్కువ బాధగా ఉంది. ఏది నిజమో ఆ నోట్‌బుక్ మొదటి పేజీలు కొంత చెప్పగలవు. మొదటి నవల ఎన్నో నంబరు? ఏ నెలలో? అప్పుడు మీరు ఇంట్లో ఉన్నారా, చదువు కోసం వెళ్ళారా? మీరు 74 పుస్తకాలు చదివారు కానీ, పట్టికను పట్టికగా కూర్చుని చదివినట్టు నాకు అనిపించలేదు.

ఆయన భయం ఆయన కనిపెట్టింది కూడా కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జర్మనీలో నవలలు చదవడం ఒక వ్యసనమనీ, జబ్బులాంటిదనీ పెద్ద చర్చే నడిచింది. ముఖ్యంగా కుర్రవాళ్ళు, ఆడవాళ్ళు పాడైపోతారని బెంగ. పిల్లలున్న ప్రతి తరమూ ఏదో ఒకదాన్ని చూసి అలా బెంగపడుతూనే ఉంది. గంభీరమైన మనుషులు తేలిక నవలలు చదవడం కూడా కొత్త కాదు. చార్లెస్ డార్విన్ 1876లో, అరవై ఏడేళ్ళ వయసులో, తన పిల్లల కోసం స్వీయకథ రాశాడు. కవిత్వం ఒక్క పాదం కూడా భరించలేకపోతున్నానని అందులో దిగులుపడ్డాడు. నవలలు మాత్రం ఎన్నో ఏళ్ళుగా తనకు గొప్ప ఊరట అన్నాడు. అవి గొప్పవి కాకపోయినా పర్వాలేదట, నవలాకారులందరికీ తన దీవెనలట. చివర విషాదంగా ముగిసే నవలలకు వ్యతిరేకంగా చట్టం చేయాలన్నాడు! మీ నాన్నగారికీ ఆయనకూ తేడా ఒక్కటే, ఆ పెద్దమనిషి దాన్ని పిల్లలు చదువుకునేలా రాసిపెట్టాడు. మీ నాన్నగారు బీరువాలో పెట్టారు. పోయేముందు దాన్ని చింపేయలేదు కూడా. ఆ సంగతిని ఎలా అర్థం చేసుకోవాలో మీకు వదిలేస్తున్నాను.

ఇక "ఆయన నాకు ఎక్కడా దొరకలేదు" అన్న మాట. దొరకరని నా నమ్మకం, ఎందుకో చెబుతాను. ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కేంబ్రిడ్జిలో ఒక పని చేశాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల జానపద కథ ఒకటి ఇంగ్లండు మనుషులకిచ్చి చదవమన్నాడు, కొన్ని నిమిషాల తర్వాత, రోజుల తర్వాత, నెలల తర్వాత మళ్ళీ చెప్పమన్నాడు. 1932లో ఆ పరిశోధన పుస్తకంగా వచ్చింది. చెప్పినవాళ్ళ నోట్లో కథ మారిపోయింది. తెడ్ల దోనె మామూలు పడవ అయింది. సీల్ జంతువుల వేట చేపలు పట్టడం అయింది. వాళ్ళకు అంతుపట్టని దయ్యాల సంగతి కొందరి కథల్లోంచి మాయమైపోయింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అందరూ తమకు తెలిసిన లోకంలోకి ఆ కథను తెచ్చుకున్నారు, అంతే. మీ నాన్నగారు ఏభై ఏళ్ళ మగమనిషిగా తన బాధల మధ్య, తన రాత్రుల్లో చదివిన నవల వేరు. అదే అట్ట, అవే అక్షరాలు మీ చేతిలో వేరే పుస్తకం అవుతాయి. పేర్ల వరసలో ఆయనను పట్టుకోలేరు. ఆయన సొంత మాటలు అంటూ ఉన్నవి పక్కన గీసుకున్న ఆ రెండు మూడు ముక్కలే. "బొమ్మలు చిన్నవి." "గొప్పలు ఎక్కువ." "మళ్ళీ అదే." మీరు పంపిన పదకొండింటిలో నాకు ఆయన గొంతు వినిపించింది ఇక్కడే.

ఇప్పుడు పట్టిక సంగతి. వరసగా పూర్తి చేయాలనుకుంటే చేయొచ్చు, కానీ మీ లెక్క మీరు చూసుకోండి. పద్నాలుగు నెలల్లో 74 అంటే, మిగిలిన 537కి ఇదే వేగంతో ఎనిమిదిన్నరేళ్ళు పడుతుంది. అప్పటికి మీకు యాభై దాటుతుంది. ఎనిమిదిన్నరేళ్ళు నాన్నతో రోజూ కాసేపు గడిపినట్టు ఉంటుందని మీకు అనిపిస్తే, అది చిన్న విషయం కాదు, ఎవరూ వద్దనకూడదు. కొంతమందికి దుఃఖం అలా ఒక పనిగా ఉంటేనే మోయగలిగేలా ఉంటుంది. కానీ మీ ఉత్తరంలో ఆ ఊరట నాకు కనబడలేదు. పేజీ తిప్పాలంటే భయం కనబడింది. ఇలాగే సాగితే మీరు పట్టిక మీద పెంచుకునే విసుగు మెల్లగా ఆయన మీదికి మళ్ళుతుందని నా భయం.

పూర్తిగా మూసేసి లోపల పెట్టడం ఇంకో దారి. ఏడాది పాటు మీకు నచ్చిందే చదువుకుంటారు. వెంటనే ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. మొదటి నెలల్లో ఏదో అపరాధం చేసినట్టు కూడా ఉంటుంది, నాన్నను మధ్యలో వదిలేసినట్టు. ఆ భావన దానంతట అదే తగ్గుతుంది. అయితే మూసేసినంత మాత్రాన ఆ ప్రశ్నలు పోవు, అవి వేరే చోట తేలతాయి.

నాకు నచ్చే దారి ఈ రెండిటి మధ్య ఉంది. వరస వదిలేయండి, పట్టికను ఉంచుకోండి. అందులో ఆయన రెండోసారి, మూడోసారి చదివినవి ఏవో చూడండి. "మళ్ళీ అదే" అని రాసుకున్నది ఏమిటో మీరు పేరు పంపలేదు. మనిషి ఒకసారి చదివింది అవకాశం వల్ల కావచ్చు, మొహమాటం వల్ల కావచ్చు, వేరే ఏమీ దొరక్క కావచ్చు. మళ్ళీ చదివింది మాత్రం ఇష్టం వల్లే. 611లో అలాంటివి పదో పదిహేనో ఉంటాయి. అవి చదవండి, నెలకొకటి చాలు, మధ్యలో మీవి మీరు చదువుకోండి. ఇందులో ఒక నష్టం ఉంది. ఆయన ఎంతో ఇష్టపడ్డ పుస్తకం మీకు నాసిరకంగా తోచవచ్చు. అప్పుడు మనసు చివుక్కుమంటుంది. ఆ పద్దు కిందే మీ రెండు మాటలు కూడా రాయండి, ఆయనతో విభేదిస్తూ. బతికుండగా పుస్తకాల మీద ఆయనతో వాదించే అవకాశం మీకు రాలేదు కదా.

75వ పుస్తకాన్ని మాత్రం ఈ రోజే మూసేయండి. ఆయనే సగంలో వదిలేసిన దాన్ని పూర్తి చేసి ఆయనను గెలవాలనే పంతం నాకు అర్థమైంది. కానీ ఆ గెలుపు మీరు అనుకున్న చోటికి చేరదు. మీ నుంచి సగంలో పోయింది నీతిశాస్త్రం కాదు, నవల.

మీ స్నేహితురాలి మాట గురించి. కలగూరగంప అన్నారు. ఒకసారి నోట్‌బుక్ తెరిచి చూడండి. దొంగనోట్ల కథ పక్కన ఖగోళ శాస్త్రం, దాని కింద ప్రేమకథ, ఆ తర్వాత ఎవరిదో జీవిత చరిత్ర. మీ చదువు అచ్చు ఆయన చదువులాగే ఉంది. మీరు ఆయనను ఎక్కడెక్కడో వెతుకుతున్నారు గానీ, ఆ గంప మీకు ఆయన దగ్గర్నుంచే వచ్చిందేమో అని ఒక్కసారైనా తట్టిందా?

గంపగా ఉండటం తప్పని నేను అనుకోను. గణితం పాఠాలు చెబుతూ గ్రంథాలయాల వైపు వచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పారు. వాటిలో ఒకటి, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. దాని వెంటే ఇంకోటి, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. ఇందులో పెద్ద పుస్తకం, చిన్న పుస్తకం అన్న తేడా లేదు. అలసిపోయిన రాత్రికి డిటెక్టివ్ నవల సరైన పుస్తకం కావచ్చు, సెలవు రోజు పొద్దున్నే నక్షత్రాల పుస్తకం కావచ్చు. మనిషి ఒకటే అయినా పూట మారుతుంది.

కానీ ఆమె మాటలో కొంచెం నిజం ఉంటే దాన్ని కూడా వదులుకోకండి. లోతు అనేది ఒకే రకం పుస్తకాలు చదివితే రాదు, ఒకే పుస్తకం దగ్గరికి మళ్ళీ వెళితే వస్తుంది. గత పదేళ్ళలో మీరు రెండోసారి చదివినవి ఎన్ని? ఏమీ లేకపోతే, వచ్చే ఆరు నెలల్లో కొత్తవి తగ్గించి మూడు పాతవి మళ్ళీ చదివి చూడండి. స్నేహితురాలితో కూడా నేరుగా మాట్లాడండి. దగ్గరివాళ్ళన్నారు కాబట్టి, ఆ మాట ఎందుకంతగా తగిలిందో, నోట్‌బుక్ సంగతేమిటో ఆమెకు చెప్పొచ్చు. ఏమీ తెలియకుండా అన్న మాటది. చెప్పకుండా ఉంటే బృందానికి వెళ్ళడం తగ్గుతుంది, మీ ఉత్తరం చూస్తే అప్పుడే తగ్గినట్టుంది.

మరిచిపోవడం గురించి ఎక్కువ బెంగ వద్దు. 1885లోనే హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే ఆయన అర్థంలేని అక్షరాలను తానే బట్టీపట్టి, తానే పరీక్షించుకుని, మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువగా ఉంటుందని చూపించాడు. కథలు అర్థంలేని అక్షరాలు కావు, కాస్త ఎక్కువే నిలుస్తాయి, అయినా చాలా భాగం జారిపోవడం మామూలే. నిలుపుకోవాలని ఉంటే తేలిక పని ఒకటుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు పాఠాలిచ్చి చూశారు. మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళ కన్నా, మూసేసి గుర్తున్నది రాసినవాళ్ళకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. పుస్తకం మూశాక ఐదు వాక్యాలు రాసుకోండి. మీ నాన్నగారి రెండు మూడు మాటలు కూడా బహుశా ఇందుకే. అన్నిటికీ రాయక్కర్లేదు, ఉంచుకోవాలనుకున్నవాటికే.

"ఏం బాగుపడ్డాను" అన్న ప్రశ్న మాత్రం మీది కాదు, అది ఆయన వాక్యం, మీ నోట వస్తోంది. నవలలు మేలు చేస్తాయని రుజువు చేయాలనే తొందర చాలామందికి ఉంటుంది. 2013లో ఒక పరిశోధన, మంచి సాహిత్యం కాస్త చదివినా ఎదుటివాళ్ళ మనసు పసిగట్టే శక్తి పెరుగుతుందని చెప్పింది. ఎంతో సంబరపడ్డారు అందరూ. తర్వాత వేరేవాళ్ళు అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. నవలను మందుసీసాలా వాడదలిస్తే ఇలాగే ఉంటుంది, పనిచేసిందా లేదా అని రోజూ చూసుకోవాలి. మీరు పదిహేనేళ్ళ వయసులో దుప్పటి కింద దీపం పెట్టుకుని చదివింది బాగుపడటానికి కాదు కదా. తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని చదివారు. ఆ కోరిక మళ్ళీ వచ్చిందో లేదో, అది ఒక్కటి చూసుకోండి.

మీవారు అన్న మాట ఎత్తిపొడుపుగా తీసుకున్నట్టున్నారు. నాకు మాత్రం మిమ్మల్ని గమనిస్తున్న మనిషి మాటలా వినిపించింది. ఈ మూడు నెలలుగా మీరు ఇంట్లో ఎలా ఉన్నారో ఆయన్నే అడగండి.

ఇక చివరగా, ఉత్తరం మూడోసారి చదివినప్పుడు కనిపించిన సంగతి. మీరు రాసి పంపిన పదకొండు పద్దుల్లో తొమ్మిదింటి పక్కన ఆయన ఏదో ఒక అభిప్రాయం రాసుకున్నారు. 404వ నంబరు ప్రేమకథ పక్కన మాత్రం "విన్నాను. చివర బాధ" అని ఉంది. 409 దగ్గర "విన్నాను. బాగుంది" అని ఉంది. మీరు ఆ మాటను అలాగే దించి రాశారు, దాని గురించి ఏమీ అనలేదు. అది ఆయన కంటి ఆపరేషన్ జరిగిన ఏడాది అని మీరే చెప్పారు. డార్విన్ నవలలు కూడా ఎక్కువగా చదివించుకుని విన్నవే. వాళ్ళింట్లో భార్య ఎమ్మా చదివి వినిపించేది.

ఎవరైనా స్నేహితుడు వచ్చి చదివి ఉండొచ్చు. రేడియోలో వచ్చి ఉండొచ్చు. కానీ కళ్ళకు కట్టు ఉన్న రోజుల్లో ఇంట్లో ఆయనతో ఉన్నది ఎవరు? అమ్మ పుస్తకం పట్టుకోవడం మీరెప్పుడూ చూడలేదన్నారు. నాన్న నవల పట్టుకోవడం కూడా మీరెప్పుడూ చూడలేదు.

ఆవిడ బాధపడుతుందని మీరు భయపడుతున్నారు. పడొచ్చు. ఆవిడకు నిజంగా ఏమీ తెలియకపోతే, భర్త తన దగ్గర కూడా దాచాడన్న బాధను మీరు మోసుకెళ్ళి ఇచ్చినవారవుతారు, తర్వాత కొన్నాళ్ళు ఆవిడ పక్కన ఉండాల్సి వస్తుంది. ఆ సమయం మీకు లేకపోతే ఇప్పుడే వద్దు. అడగకుండా ఉంటే వచ్చే నష్టం వేరు, తెలిసిన ఒకే ఒక్క మనిషిని అడగకుండా 537 పుస్తకాలను అడుగుతూ ఉంటారు. నేనైతే నోట్‌బుక్ మొత్తం ముందు పెట్టను. 611 లెక్క చెప్పను, ఆ పాత నవల గొడవ ఎత్తను. తీరిగ్గా ఉన్న సాయంత్రం ఆ ఒక్క పేజీ తీసి, 404 మీద వేలు పెట్టి, "అమ్మా, నాన్నకి ఇది ఎవరు చదివి వినిపించారు?" అని అడుగుతాను.